ప్లానులో లేని మనుషులు: ఆర్కిటెక్టుల నీతి నియమావళి వెనుక చరిత్ర

1989లో ఈ దేశంలో రెండు శాసన పత్రాలు వెలువడ్డాయి. ఒకటి మనందరికీ తెలిసినదే: షెడ్యూల్డు కులాలు, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం. కారంచేడు జరిగి నాలుగేళ్లు, చుండూరు జరగడానికి ఇంకా రెండేళ్లు. రెండోదాని పేరు మన ఉద్యమాల్లో పనిచేసేవాళ్లు చాలామంది విని ఉండరు. అది ఆర్కిటెక్టుల వృత్తి ప్రవర్తనా నియమావళి. రిజిస్టరు అయిన ఆర్కిటెక్టు ఎలా నడుచుకోవాలో, ఏం చేస్తే తప్పవుతుందో 25 అంశాల్లో చెప్పే పత్రం.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం ఎవరికీ అలవాటు లేదు. ఒకటి నేరాల గురించి, ఇంకొకటి మర్యాదల గురించి అనుకుంటాం. కానీ అత్యాచారాల చట్టం మూడో సెక్షన్ తీసి చూడండి. దళితుడి భూమి ఆక్రమించుకోవడం నేరం. దళితులు వాడుకునే నీళ్లను పాడుచేయడం నేరం. అందరూ నడిచే దారిలో వాళ్లను నడవనీయకపోవడం నేరం. ఇల్లూ ఊరూ విడిచిపోయేట్టు చేయడం నేరం. భూమి, నీళ్లు, దారి, ఇల్లు. ఆర్కిటెక్టు బల్ల మీద కాగితం పరిచి గీసేది ఈ నాలుగింటినే గదా! నేరం జరిగే చోటును గీసేవాడి నియమావళిలో ఆ నేరం ఊసు లేకపోవడం ఎలా జరిగిందన్నదే ఈ వ్యాసంలో నేను వెతుకుతున్న సంగతి.

ఇంటి కొలతల్లో కులాన్ని కలపడం కొత్త సంగతేమీ కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో వాస్తు గురించి ఒక అధ్యాయం ఉంది. అందులో ఇంటి వెడల్పు 32 మూరల దగ్గర మొదలై నాలుగేసి మూరలు తగ్గుతూ 16 దాకా దిగుతుంది. బ్రాహ్మణుడికి అయిదు కొలతలూ చెల్లుతాయి. క్షత్రియుడికి 28 నుంచి, వైశ్యుడికి 24 నుంచి, శూద్రుడికి 20 నుంచి. పదహారుకు కిందున్నది మరీ హీనులైన వాళ్లకట. నేలకూ వర్ణముంది: తెల్లమట్టి బ్రాహ్మణుడిది, ఎర్రమట్టి క్షత్రియుడిది, పసుపుపచ్చది వైశ్యుడిది, నల్లమట్టి శూద్రుడిది. వాలుకూ వర్ణముంది. ఉత్తరానికి వాలిన నేల బ్రాహ్మణుడికి మంచిది, తూర్పుకు వాలింది క్షత్రియుడికి, అలా చుట్టి వస్తే పడమటి వాలు శూద్రుడికి వస్తుంది. మన తాతలు దుక్కి దున్నిన నల్లరేగడికి ఇందులో దక్కిన గౌరవం అంతే. ఇక చండాలుడి మాటకొస్తే ఇంటి కొలతతో పనే లేదు. మనుస్మృతి అతడి నివాసం ఊరి వెలుపల అన్నది. కౌటిల్యుడి అర్థశాస్త్రం కోటలోపలి వీధుల్ని వర్ణాల వారీగా పంచిపెట్టి చండాలుణ్ణి శ్మశానం పక్కకు పంపింది.

ఈ శాస్త్రాలు కట్టేవాళ్ల నడవడిక గురించి కూడా మాట్లాడాయి. మయమతం, మానసారం లాంటి గ్రంథాల్లో స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి అని నలుగురు శిల్పులుంటారు. స్థపతి శాస్త్రాలు తెలిసినవాడై, మంచి గుణాలు కలవాడై, లోభం లేనివాడై ఉండాలి. వృత్తి నీతి అనే మాట పుట్టకముందే ఉన్న వృత్తి నీతి ఇది. అయితే ఆ నీతి ఎవరి పట్ల? కట్టించుకునే రాజు పట్ల, దేవుడి పట్ల, శాస్త్రం పట్ల. కొలత తప్పితే దోషం. కొలతే ఒక మనిషిని ఊరవతల నిలబెడితే అది దోషం కాదు, అదే శాస్త్రం. రాయి కొట్టి తెచ్చిన ఒడ్డెవాళ్లు, మట్టి మోసిన ఉప్పరవాళ్లు, వెట్టికి వచ్చిన మాల మాదిగలు ఈ నలుగురు శిల్పుల లెక్కలోకి రారు. ఆ గుళ్లూ కోటలూ వాళ్ల చెమట లేకుండా ఎట్లా లేచాయో ఆ గ్రంథాలు చెప్పవు.

ఆధునిక ఆర్కిటెక్టు ఈ స్థపతికి నేరుగా వారసుడు కాడు. అతని వంశవృక్షం లండన్‌లో ఉంది. 1834లో అక్కడ ఏర్పడ్డ బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థ, ఇల్లు కట్టే వ్యాపారి నుంచి, సరుకు అమ్మే షావుకారు నుంచి ఆర్కిటెక్టును వేరుచేసింది. ఆర్కిటెక్టు పెద్దమనిషి. అతను కాంట్రాక్టులు చేయడు, సిమెంటు అమ్మడు, పత్రికల్లో ప్రకటన వేసుకోడు, తోటివాడి పని లాక్కోడు, కమిషన్ తినడు. ఫీజు తీసుకుంటాడు, సలహా ఇస్తాడు. చేతికి మట్టి అంటనివాడికి పెద్దరికం కట్టబెట్టడం ఇంగ్లీషువాడి తరగతి వ్యవస్థ. మన దేశానికి వచ్చేసరికి ఆ తరగతికి కులం ఎంత చక్కగా అతుక్కుందో వేరే చెప్పాలా? మట్టి అంటకపోవడమే గౌరవం అనే సంగతి ఇక్కడివాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1917లో బొంబాయిలో ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంఘంగా మొదలైన సంస్థ 1929 నాటికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ అయింది. లండన్ నీతే దాని నీతి.

ఇంగ్లండులో రిజిస్ట్రేషన్ చట్టం 1931లో వచ్చింది. మనకు అది 1972 దాకా పట్టింది. ఆ ఏడు ఆర్కిటెక్టుల చట్టం పార్లమెంటులో పాసై సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఏర్పడింది. సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం పుట్టి అక్కడి ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ కాలేజీని తనలో కలుపుకుంది. తెలుగు పిల్లలకు ఆర్కిటెక్టు అయ్యే దారీ, ఆ పేరు పెట్టుకోవడానికి గేటూ ఒకే కాలంలో ఏర్పడ్డాయన్నమాట.

ఈ చట్టంలో నాలుగైదు సెక్షన్లు మనం నిదానంగా చదవాలి. 23వ సెక్షన్ రిజిస్టరులో ఏమేం రాయాలో చెబుతుంది: పేరు, పుట్టిన తేదీ, జాతీయత, ఇంటి చిరునామా, చదువు, వృత్తి చిరునామా. కులం గడి లేదు. లేకపోవడం మంచిదే కదా అని ఎవరైనా అనొచ్చు. రిజిస్టరులో కులం రాయకపోవడం వేరు, వృత్తిలో కులం లేకపోవడం వేరు. రాయనిది లెక్కకు రాదు, లెక్కకు రానిదాన్ని నిలదీయలేం.

25వ సెక్షన్ ఇంకా ఆసక్తికరమైనది. గుర్తింపు పొందిన డిగ్రీ ఉన్నవాళ్లకే కాక, డిగ్రీ లేకపోయినా మొదటి రిజిస్టరు తయారీకి పెట్టిన తేదీకి ముందు అయిదేళ్లు ఆర్కిటెక్టుగా పనిచేసిన వాళ్లకూ అది తలుపు తెరిచింది. పాతవాళ్లు రోడ్డున పడకుండా అన్ని వృత్తుల చట్టాల్లోనూ ఇలాంటి వెసులుబాటు ఉంటుంది. కానీ "ఆర్కిటెక్టుగా పనిచేయడం" అంటే ఏమిటి? ఆఫీసు పెట్టుకుని నక్షాలు గీసినవాడిది పని. వందల ఇళ్లు నోటి లెక్కతో లేపిన తాపీ మేస్త్రీది? దూలం బరువు కంటిచూపుతో కట్టిన వడ్రంగిది? వాళ్లది అనుభవం అనిపించుకుంటుంది గానీ వృత్తి అనిపించుకోదు. అనుభవానికి రిజిస్టరులో గడి లేదు. ఆ కిటికీ కూడా మొదటి రిజిస్టరుతోనే మూసుకుపోయింది.

మూడో సెక్షన్ కౌన్సిల్లో ఎవరుంటారో చెబుతుంది. ఇన్‌స్టిట్యూట్ ఎన్నుకున్న ఆర్కిటెక్టులు అయిదుగురు, కాలేజీల అధిపతులు, కేంద్ర శాఖల చీఫ్ ఆర్కిటెక్టులు, రాష్ట్రానికో ఆర్కిటెక్టు, ఇంజనీర్ల సంస్థ నుంచి ఇద్దరు, సర్వేయర్ల సంస్థ నుంచి ఒకరు. కూలీల తరఫున ఎవరికీ కుర్చీ లేదు. కట్టిన ఇళ్లల్లో ఉండేవాళ్ల తరఫున, ఇళ్లే లేనివాళ్ల తరఫున కూడా లేదు. నడవడిక నియమాలు రాసే అధికారం 22వ సెక్షన్ ఈ కౌన్సిల్‌కే ఇచ్చింది. తప్పు చేసినవాణ్ణి విచారించి మందలించే, సస్పెండ్ చేసే, పేరు కొట్టేసే అధికారం 30వ సెక్షన్ ఇచ్చింది. చట్టం వచ్చిన పదిహేడేళ్లకు, 1989లో, ఆ నియమాలు వెలువడ్డాయి.

నియమావళిని నిజాయితీగానే చదువుదాం. మొదటి అంశం గొప్పగా ఉంటుంది. పర్యావరణ నాణ్యతకూ సమాజ భవిష్యత్ సంక్షేమానికీ తోడ్పడాల్సిన తన బాధ్యతకు ఆర్కిటెక్టు వృత్తి కార్యకలాపాలు అడ్డు రాకూడదని దాని సారం. దేశాభివృద్ధికి నైపుణ్యాన్ని వాడాలని రెండోది. అక్కడి నుంచి నేల మీదికి దిగుతుంది. క్లయింటుకు షరతులూ ఫీజూ ముందే చెప్పాలి. క్లయింటును అడక్కుండా పని ఇంకొకరికి అప్పగించకూడదు. పని తెచ్చిపెట్టినందుకు కమిషన్లు, బహుమతులు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. కాంట్రాక్టు నడిపేటప్పుడు నిష్పక్షపాతంగా ఉండాలి. కౌన్సిల్ పెట్టిన ఫీజుల పట్టికను పాటించాలి. ఇంకో ఆర్కిటెక్టును తోసేసి అతని పనిలోకి దూరకూడదు. ఉచితంగానో తక్కువ ఫీజుకో పోటీ డిజైన్లు ఇవ్వకూడదు. తన ఉద్యోగులకు తగిన పనిచోటు, న్యాయమైన జీతం ఇవ్వాలి. కన్సల్టెంట్లను గౌరవించాలి. ప్రకటనలు చేసుకోకూడదు.

ఇవి చెడ్డ నియమాలని నేననడం లేదు. తక్కువ ఫీజు పోటీ ఎవరి గొంతు కోస్తుందో, మొదటితరం దళిత ఆర్కిటెక్టు ఆఫీసు తెరిచినప్పుడు తెలుస్తుంది. పెద్ద కుటుంబాల పరిచయాలు లేని కుర్రాడు ప్రకటన కూడా చేసుకోకూడదంటే పని ఎక్కడినుంచి వస్తుంది? బంధువర్గంలో కాంట్రాక్టర్లు, పారిశ్రామికవేత్తలు, రెవెన్యూ అధికారులు ఉన్నవాడికి ప్రకటన ఎందుకు? పెళ్లి పందిట్లోనే పని దొరుకుతుంది. ఆ పరిచయం కమిషన్ కిందికి రాదు, అది చుట్టరికం. పెద్దమనిషి నీతి పెద్దమనిషికే అచ్చొస్తుందని చెప్పడానికి ఈ ఒక్క నియమం చాలు. అయితే అసలు సంగతి ఇది కాదు.

25 అంశాల్లో కనబడే మనుషుల్ని లెక్కపెట్టండి. క్లయింటు ఉన్నాడు. తోటి ఆర్కిటెక్టు ఉన్నాడు. భాగస్వామి, ఉద్యోగి, కన్సల్టెంటు, పోటీల న్యాయనిర్ణేత ఉన్నారు. కాంట్రాక్టు రూపంలో కాంట్రాక్టరు ఉన్నాడు. "సమాజం", "ప్రజలు" అని రెండు మబ్బులాంటి మాటలు ఉన్నాయి. తట్ట మోసే మనిషి లేడు. ఆ ఇంటి దొడ్డి ఎవరు కడుగుతారో ఆ మనిషి లేడు. గోడకు అవతల ఉండే మనిషి లేడు. కులం అనే మాట ఒక్కచోట కూడా లేదు.

తట్ట మోసే మనిషి సంగతి తీసుకుందాం. ఈ నియమావళికి ఏడేళ్ల ముందు, 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. స్టేడియాలు, ఫ్లైఓవర్లు, హోటళ్లు ఆగమేఘాల మీద లేచాయి. పని చేసింది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒరిస్సాల నుంచి తోలుకొచ్చిన కూలీలు. పౌరహక్కుల సంస్థ పీయూడీఆర్ అక్కడి పరిస్థితులను సుప్రీంకోర్టు ముందు పెట్టింది. కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టరు ఆ డబ్బు జమాదారుకు ఇస్తాడు. జమాదారు ఒక రూపాయి తన కమిషన్‌గా పట్టుకుని 8 రూపాయల 25 పైసలు కూలీ చేతిలో పెడతాడు. ఆ ఏడాది సెప్టెంబరు 18న కోర్టు తీర్పు చెప్పింది: కనీస కూలి కంటే తక్కువకు పనిచేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టే అని. వెట్టి అంటే మెడకు గొలుసు ఉండాల్సిన పనిలేదు, ఆకలి తరిమినా అది బలవంతమేనని ఆ తీర్పు సారాంశం. మన చరిత్రలో అంత ముఖ్యమైన తీర్పు అది.

ఇప్పుడు మళ్లీ నియమావళికి రండి. పని తెచ్చినందుకు కమిషన్ పుచ్చుకోవడం ఆర్కిటెక్టుకు తప్పు. కూలీ నోటికాడి రూపాయి కమిషన్‌గా పోతుంటే తన సైటు మీద దాన్ని చూసి ఊరుకోవడం తప్పు కాదు. ఏడేళ్ల కిందటే సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి తెలియదనడానికి వీల్లేదు. ఆ పదం వాళ్ల దృష్టిలో ఉంది, ఆ రూపాయి మాత్రం వాళ్ల దృష్టిలో లేదు.

ఈ జమాదారును మన పాలమూరువాళ్లు గుంపు మేస్త్రీ అంటారు. మహబూబ్‌నగర్ పల్లెల నుంచి దేశమంతటా ఆనకట్టలకూ కాలువలకూ వెళ్లిన కూలీలు అతని దగ్గర అడ్వాన్సు తీసుకుని గుంపుగా కదిలారు. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. నాగార్జునసాగర్ రాళ్ల మీద పేర్లు చెక్కించుకున్నవాళ్లు మంత్రులూ ఇంజనీర్లూ. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో, భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చాయి. వాటిలో బాధ్యత ప్రధానంగా యజమానిదీ కాంట్రాక్టరుదీగా ఉండేది. గీసినవాడు పక్కనే నిలబడి ఉన్నా అతని మీద చూపు పెద్దగా పడలేదు. పరంజా కూలితే కాంట్రాక్టరు పేరు పేపర్లో వస్తుంది. భవనానికి బహుమతి వస్తే ఆర్కిటెక్టు పేరు వస్తుంది.

ఊరినే కొత్తగా గీసే అవకాశం దొరికినప్పుడు కూడా ఇంతే. చండీగఢ్‌ను 1950లలో కొత్త భారతదేశపు నగరం అన్నారు. ప్రభుత్వోద్యోగులకు జీతాన్ని బట్టి 13 తరగతుల ఇళ్లు రూపకల్పన చేశారు. నగరాన్ని కట్టిన కూలీలకు మాత్రం ఆ ప్లానులో చోటు లేదు, వాళ్లు తాత్కాలిక లేబర్ కాలనీల్లో ఉండి తర్వాత తొలగించాల్సిన సమస్య అయ్యారు. పదమూడు మెట్లు గీయగలిగినవాళ్లకు పద్నాలుగోది తట్టలేదని అనుకోలేం. మెట్ల కింద ఉన్నవాళ్లను మెట్టుగా ఎవరూ లెక్కించరు. మన హైదరాబాదు అపార్టుమెంట్లు చూడండి. సెల్లారులో మీటరు బోర్డుల పక్కన, మెట్ల కింద మిగిలిన మూలలో వాచ్‌మన్ గది. భార్యాభర్తా ఇద్దరు పిల్లలూ అందులోనే. పై అంతస్తుల్లో పనిమనిషికి బయటి వైపు వేరే బాత్‌రూమ్. ఆ గీతలు గీసిన చేతికి ఏ నియమమూ అడ్డు రాదు.

కడిగే మనిషి సంగతి ఇంకా లోతైనది. పాత పట్నాల ఇళ్లల్లో పాకీదొడ్డి ఇంటి వెనక చివరన ఉండేది. దానికి వెనక సందులోకి ఒక చిన్న తలుపో కంతో. ఎత్తిపోసే మనిషి ఇంట్లో కాలు పెట్టకుండా, ఇంటివాళ్ల కంట పడకుండా పని చేసుకుపోవాలి. తెల్లవాళ్ల మునిసిపాలిటీలు ఆ సందుకు శాస్త్రీయమైన పేరు పెట్టి వీధుల లేఅవుట్లలోకి ఎక్కించాయి. అంటరానితనం ఇక్కడ మనసులో ఉన్న భావన కాదు, అడుగుల్లో అంగుళాల్లో కొలిచి ఇటుకతో కట్టింది. ఇటుకతో కట్టినదానికి గీసినవాడు ఉంటాడు.

1993లో పాకీపని, పాకీదొడ్ల నిర్మాణ నిషేధ చట్టం వచ్చింది. అది చేయమని తీర్మానం చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అమలు తేదీ మాత్రం 1997 జనవరి 26 దాకా జరిగింది. ఆ చట్టం పాకీదొడ్డి కట్టడాన్ని కూడా నేరం చేసింది. ఏడాది దాకా జైలు, రెండువేల దాకా జరిమానా. బెజవాడ విల్సన్ తదితరుల సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013లో కొత్త చట్టం వచ్చి మురికి కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని రక్షణ లేకుండా దించడాన్ని కూడా చేర్చింది. 2014 మార్చి 27న కోర్టు 1993 నుంచి కాలువల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షల చొప్పున ఇవ్వమంది. 2023 అక్టోబరులో మరో తీర్పులో ఆ మొత్తం ముప్పై లక్షలైంది.

ముప్పయ్యేళ్లు చట్టం నడిచింది, ఉద్యమం నడిచింది, మనుషులు చనిపోతూనే ఉన్నారు. ఆర్కిటెక్టుల నీతి నియమావళి మాత్రం ఈ సంగతి తెలియనట్టే ఉండిపోయింది. సెప్టిక్ ట్యాంకు డ్రాయింగులో ఉంటుంది. దాని మూత ఎక్కడ రావాలి, యంత్రం పైపు అక్కడికి చేరుతుందా లేదా, గాలి గొట్టం ఉందా, శుభ్రం చేయడానికి మనిషి దిగాల్సి వస్తుందా అన్నవి డ్రాయింగులోనే తేలిపోతాయి. మూతను కారు పార్కింగు టైల్సు కింద దాచేసిన ఇళ్లు మనం చూస్తూనే ఉన్నాం, చూడ్డానికి బాగుండాలని. లోపల చేరిన విషవాయువుకు టైల్సు అందంతో పనిలేదు. క్లయింటును అడగకుండా పని ఇంకొకరికి అప్పగించడం దుష్ప్రవర్తన. మనిషి దిగక తప్పని గొయ్యి గీయడం గురించి మాట లేదు. నిర్దిష్టంగా రాయని తప్పును మొదటి అంశంలోని "సమాజ సంక్షేమం" కింద నిరూపించమంటే నిరూపించేదెవరు?

గోడ అవతలి మనిషి ఇంకొకడు. ఉత్తపురంలో, మదురై జిల్లాలో, దళితులు నడవకుండా కట్టిన గోడలో కొంతభాగాన్ని 2008 మే 6న అధికారులు కూల్చాల్సి వచ్చింది. కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం దగ్గర నడూరులో 2019 డిసెంబరు 2 తెల్లవారుజామున వానకు ఒక ఇంటి ప్రహరీగోడ పక్కనున్న పేదల ఇళ్ల మీద కూలి 17 మంది చనిపోయారు. ఇరవై అడుగుల ఎత్తుగోడ. పోయినవాళ్లు అరుంధతీయులు. తమిళనాడు పడమటి జిల్లాల్లో తెలుగు మాట్లాడే మాదిగలు వాళ్లు, మన భాషవాళ్లు, మనవాళ్లు. అది అంటరానితనపు గోడేనని అక్కడి సంఘాలన్నాయి. ప్రహరీకి అంత ఎత్తు ఎందుకన్న ప్రశ్నకు ఇంజనీరింగులో జవాబు లేదు. ఆ గోడకు ఆర్కిటెక్టు ఉన్నాడా లేడా అని నేనడగడం లేదు. ఉండి ఉంటే ఏ నియమం కింద అతణ్ణి నిలబెట్టగలం? గోడ నిలవకపోతే నైపుణ్యలోపం అనొచ్చు. గోడ గట్టిగా నిలబడి మనుషుల్ని మనుషుల నుంచి వేరుచేస్తూ ఉంటే? అప్పుడతను ఉన్నత ప్రమాణాల సేవ అందించినట్టే లెక్క.

కారంచేడులో 1985 జులైలో గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. దళితులు తాగే నీళ్లలో గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే మున్నంగి సువార్తమ్మ అడిగింది. జులై 17న ఊరు దాడికి దిగింది, ఆరుగురు మాదిగలు చనిపోయారు. మిగిలినవాళ్లు చీరాలకు చేరారు, తిరిగి ఆ ఊరికి పోబోమన్నారు. ఆ నిర్ణయం వెనక చాలా పాత ఆలోచన ఉంది. 1942లో నాగపూరు షెడ్యూల్డు కులాల మహాసభ అంబేడ్కర్ నాయకత్వంలో దళితులకు వేరే గ్రామాలు కావాలని తీర్మానించింది. ఊరు అనే నిర్మాణమే అంటరానితనాన్ని తయారుచేస్తుందని ఆయన గుర్తించాడు. వాస్తుశిల్పం చదివినవాళ్ల పాఠ్యపుస్తకాల్లో ఈ గుర్తింపుకు చోటుండాలి. మన ప్రభుత్వాలు మాత్రం దశాబ్దాలుగా పక్కా ఇళ్ల పేరుతో ఊరికి దూరంగా, పల్లపు నేలలో, శ్మశానం పక్కన స్థలం కొని ఎస్సీ కాలనీలు వేస్తూనే వచ్చాయి. కౌటిల్యుడు చెప్పిన చోటే. గడ్డి కప్పు పోయి స్లాబు వచ్చింది, వెలివాడ చిరునామా మారలేదు. వేరే గ్రామం కోరడం వేరు, అది స్వేచ్ఛ. వేరే పెట్టడం వేరు. ఈ తేడా లేఅవుట్ గీసేవాడికి తెలియాలా వద్దా?

వాస్తు గురించి ఒక్క మాట. 1990ల నుంచి మన రాష్ట్రంలో వాస్తు పిచ్చి ఎంత ముదిరిందో చెప్పనక్కర్లేదు. ముఖ్యమంత్రులే గేట్లు మార్పించారు. హైదరాబాదులో పాత సచివాలయాన్ని 2020లో కూల్చారు, వాస్తు బాగాలేకే అన్న మాట బాగా వినబడింది. కొత్తది 2023 ఏప్రిల్ 30న తెరిచి దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. ఇంతకన్నా వ్యంగ్యం కల్పించి రాయడం కష్టం. వర్ణానికో వాలు, వర్ణానికో మూర చెప్పిన శాస్త్రాన్ని రిజిస్టర్డు ఆర్కిటెక్టులు రోజూ డ్రాయింగుల్లో పాటిస్తున్నారు. క్లయింటు కోరాడంటారు. వర్ణాల భాగం తీసేసి దిక్కుల భాగమే వాడుతున్నామంటారు. పుస్తకం మాత్రం అదే.

2020 మార్చి 17న సుప్రీంకోర్టు ఈ వృత్తి గురించి ఒక తీర్పిచ్చింది. 1972 చట్టంలోని 37వ సెక్షన్ నిషేధించేది "ఆర్కిటెక్టు" అనే బిరుదు వాడకాన్నే, ఆ పని చేయడాన్ని కాదని. అంటే మేస్త్రీ ఇల్లు గీయొచ్చు, కట్టొచ్చు, పేరు మాత్రం పెట్టుకోకూడదు. పని ఎవరిదైనా పేరు కొందరిదే. ఈ సూత్రం మనకు కొత్తగా వినబడిందా? నీతి నియమావళి కూడా ఆ పేరున్నవాళ్లకే వర్తిస్తుంది. కాబట్టి నియమావళిని బాగుచేసినంత మాత్రాన ఊళ్లో ప్రతి గోడా బాగుపడదు. కానీ ప్రభుత్వ కాలనీల లేఅవుట్లు, పెద్ద టవర్లు, విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు వీళ్ల చేతుల మీదుగానే నడుస్తున్నాయి. అక్కడ మారడం చిన్న సంగతి కాదు.

మారుతుందా అంటే, మారిన ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో సామాజిక బాధ్యత గల ఆర్కిటెక్టుల సంఘం ఒకటి, మరణశిక్ష గదులూ ఏళ్ల తరబడి ఒంటరిగా బంధించే గదులూ గీయడాన్ని వృత్తి నీతికి విరుద్ధమని ప్రకటించమని అక్కడి ఆర్కిటెక్టుల జాతీయ సంస్థను అడిగింది. 2014లో సంస్థ కాదన్నది. ఎలాంటి భవనాలు గీయాలో మేం చెప్పం అన్న ధోరణి. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత నల్లవాళ్ల ఉద్యమం దేశాన్ని ఊపేసింది. ఆ డిసెంబరులో అదే సంస్థ తన నీతి నియమాలను సవరించి, తెలిసి తెలిసి అలాంటి గదులు గీయకూడదన్నది. ఆ ఆరేళ్లలో మారింది ఆర్కిటెక్టుల మనసు కాదు, వీధి.

మన దగ్గర ఈ పనికి పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. నియమాలు చేసేది కౌన్సిలే, 45వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వం ఆమోదం కావాలి. అడగాల్సినవి మూడు అంశాలు. కులాన్ని బట్టి మనుషుల దారినీ నీళ్లనూ నివాసాన్నీ వేరుచేసే నిర్మాణానికి రిజిస్టర్డు ఆర్కిటెక్టు డ్రాయింగు ఇవ్వకూడదు. శుభ్రం చేయడానికి మనిషి దిగాల్సి వచ్చే గుంటలనూ ట్యాంకులనూ గీయకూడదు. తన పర్యవేక్షణలోని సైటులో కనీస కూలి అందడం లేదని తెలిసినప్పుడు రాతపూర్వకంగా చెప్పాలి. ఇది అడగడానికి ఆర్కిటెక్చర్ కాలేజీల్లో రిజర్వేషన్ మీద చేరిన మన పిల్లలు ఉన్నారు. వృత్తి ఆచరణ అనే పేపరులో ఈ 25 అంశాలు బట్టీపట్టి పరీక్ష రాసేది వాళ్లే. ఇరవై ఆరోది ఏమిటని ఆ క్లాసులోనే మొదట అడగొచ్చు.